లంబాస వెళ్లేవాళ్లకు: ఫిజీ చెరకు పట్నానికి దారి, అదును, జాగ్రత్తలు

లంబాసలో బీచ్ లేదు. ఈ సంగతి ముందే తెలిసి బయల్దేరితే సగం నిరాశ తప్పుతుంది. ఫిజీలో రెండో పెద్ద దీవి వనువా లెవు. దాని ఉత్తర తీరంలో, మడ అడవులకు కాస్త లోపలగా, నది ఒడ్డున ఉన్న పట్నమిది. 2007 లెక్కల్లో జనాభా 28 వేలకు కొంచెం తక్కువ. ఊరి చుట్టూ చెరకే. జనంలో ఎక్కువమంది భారత సంతతివాళ్లు, ఆ కుటుంబాల్లో చాలావాటికి మూలం ఆ చెరకే. 1894లో ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ ఇక్కడ మిల్లు పెట్టింది. 1970ల్లో అది ప్రభుత్వ సంస్థ ఫిజీ షుగర్ కార్పొరేషన్ చేతికి వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది.

చూడాల్సిన చోట్ల జాబితా పట్టుకుని వస్తే ఈ ఊరు ఒక పూటలో అయిపోతుంది. మిల్లులో చెరకు ఆడే (క్రషింగ్) రోజుల్లో, అదీ పనిరోజుల్లో, రెండు రాత్రులు ఉండేలా వస్తే మాత్రం ఊరు పూర్తిగా కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు లంబాసలో దిగండి, తిరిగి వచ్చేటప్పుడు దీవి దక్షిణ తీరంలోని సవుసవులో విమానమెక్కండి. మధ్యలో కొండదారీ, అడవీ వాటంతటవే కలిసొస్తాయి. వెళ్లిన దారినే తిరిగొచ్చేవాళ్లు పోగొట్టుకునేది ఆ అడవినే.

ఏ నెలలో వెళ్లాలి

మిల్లు మామూలుగా జూన్‌లో మొదలై నవంబరు దాకా ఆడుతుంది, కొన్నేళ్లు డిసెంబరులోకీ సాగుతుంది. వానలు తక్కువగా ఉండేది మే నుంచి అక్టోబరు వరకు. తుపాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. ఈ మూడూ కలిపి చూస్తే జులై నుంచి సెప్టెంబరు దాకా మంచి అదును. జూన్ మొదటి వారానికి టికెట్లు కొనకండి. బాయిలర్లో చిన్న తేడా వచ్చినా, చెరకు కోత కూలీలు దొరకకపోయినా మిల్లు ప్రారంభం వెనక్కి జరుగుతుంది.

ఇదే తీరంలో చెరకు ఎందుకు పండుతుందో తెలిస్తే బ్యాగులో బట్టలు సర్దుకోవడం సులువు. ఆగ్నేయం నుంచి వచ్చే గాలులు దీవి నడుమనున్న కొండలకు తగిలి, సవుసవు వైపే వాన కురిపిస్తాయి. ఇవతల లంబాస వైపు వానచాటు. చెరకులో తీపి ఎక్కాలంటే కోతకు ముందు పొడి వాతావరణం ఉండాలి కాబట్టి మిల్లు ఇటువైపే వచ్చింది. అందుకే లంబాసలో ఎండకు టోపీ కావాలి, రెండు మూడు గంటలు ప్రయాణించి కొండ దాటగానే వానకోటు కావాలి. రెండూ పెట్టుకోండి.

చేరుకోవడం

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఫిజీకి ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, దిగాక సందర్శక అనుమతి ఇస్తారు. తిరుగు టికెట్, బస వివరాలు చేతిలో ఉండాలి. తిప్పలన్నీ దారిలోని దేశంతోనే. ఆస్ట్రేలియా మీదుగా వెళ్తే విమానాశ్రయం దాటకపోయినా భారతీయులకు ట్రాన్సిట్ వీసా కావాలి. సింగపూర్ నుంచి ఫిజీ ఎయిర్‌వేస్ నేరుగా ఫిజీ ప్రధాన విమానాశ్రయం ఉన్న నాందికి వెళ్తుంది కాబట్టి మనవాళ్లకు అది తేలిక. అయితే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే సామాను తీసుకోవడానికి ఇమిగ్రేషన్ దాటాల్సి వస్తుంది, అప్పుడు సింగపూర్ వీసా అడుగుతారు.

నాందిలోగాని, రాజధాని సువ దగ్గరున్న నౌసోరిలోగాని దేశీయ విమానం ఎక్కి లంబాసకు రావచ్చు. విమానాశ్రయం పేరు వైంగెలె. అది ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, బయట టాక్సీలు దొరుకుతాయి. ఇవి చిన్న విమానాలు, అంతర్జాతీయ టికెట్ మీద అనుమతించిన బరువు వీటిలో చెల్లకపోవచ్చు. టికెట్ మీద రాసిన కిలోలు చూసుకుని, మిగతాది నాందిలో బస చేసిన హోటల్లో వదిలేయండి.

డబ్బు ఆదా కావాలంటే ఓడ ఉంది. నాంది, సువలున్న పెద్ద దీవి వీతి లెవులోని నాతోవి రేవు నుంచి వనువా లెవు కొసనున్న నంబౌవాలుకు దాదాపు నాలుగు గంటలు, అక్కడి నుంచి బస్సులో లంబాస. రోజంతా పోతుంది. సముద్రం పోటుమీదున్న రోజుల్లో ఓడ ఆలస్యం కావడం మామూలే. కాబట్టి తిరుగు ప్రయాణంలో ఓడ దిగిన రోజే అంతర్జాతీయ విమానం పెట్టుకోకండి.

పేర్ల గురించి ఒక మాట, ఎందుకంటే బస్సు బోర్డు చదవాలి. ఫిజీ రాతలో బి కనిపిస్తే ముందు మకారం కలిపి, డి కనిపిస్తే నకారం కలిపి పలుకుతారు. జి, క్యూలు రెండూ "ంగ" అయిపోతాయి. బోర్డు మీద "లబాస" అని ఉన్న ఊరు నోటికి లంబాస, "నాడి" అన్నది నాంది, "నగిగి" అన్నది నాంగింగి. టాక్సీవాడిని రాతలో ఉన్నట్టు అడిగినా అర్థం చేసుకుంటాడు గానీ, అతను చెప్పే ఊరు మీ మ్యాపులో ఎక్కడుందో మీకే తెలియదు.

కస్టమ్స్ దగ్గర మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది తిండి సామానుతోనే. తెగుళ్లు, పురుగులు దేశంలోకి రాకుండా చేసే తనిఖీ (బయోసెక్యూరిటీ) ఫిజీలో గట్టిది. పాలతో చేసినవి, నెయ్యి, తేనె, విత్తనాలు, పచ్చి పండ్లు, పూలు తేవద్దు. ఊరగాయ, పొడులు, పసుపు ఏది ఉన్నా ఫారంలో రాసి చూపించండి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాచి దొరికితే జరిమానా పడుతుంది. గుళ్లో ఇద్దామని పూజ సామాను మోసుకెళ్లడం దండగ, కొబ్బరికాయ నుంచి కర్పూరం దాకా అక్కడే దొరుకుతాయి.

కరెంటు 240 వోల్టులే, ప్లగ్గు మాత్రం ఆస్ట్రేలియాలో వాడే వాలుపుల్లల రకం. మన మూడు గుండ్రటి పుల్లలది దూరదు. టైము మనకంటే ఆరున్నర గంటలు ముందు. బండ్లు ఎడమవైపే నడుస్తాయి.

మొదటి రోజు: మార్కెట్, ఆ తర్వాత మిల్లు

బస్‌స్టాండ్, మార్కెట్ పక్కపక్కనే ఉంటాయి, ప్రధాన వీధి నసెకులా రోడ్డు అక్కడికి నాలుగడుగులు. బస ఆ వీధికి నడకదూరంలో చూసుకుంటే టాక్సీ ఖర్చు తప్పుతుంది. ఆదివారం చేరుకోకండి. మార్కెట్ ఉండదు, దుకాణాలు మూసుంటాయి, బస్సులు బాగా తగ్గిపోతాయి. శనివారం పొద్దున మార్కెట్‌కు ఊళ్లన్నీ దిగుతాయి, మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు.

కూరగాయలు కిలోల్లెక్కన కాదు, కుప్పల్లెక్కన అమ్ముతారు. నాలుగు వంకాయలో, గుప్పెడు బెండకాయలో కుప్ప పోసి ధర అట్టముక్క మీద రాసి గుచ్చుతారు. బేరం లేదు. మరీ అడిగితే మొహం చిట్లించరు గానీ, కుప్పలోకి ఇంకో కాయ వేసి నోరు మూయిస్తారు. తోటకూర, మునక్కాయ, కరివేపాకు అన్నీ కనిపిస్తాయి. కరివేపాకును ఇక్కడి హిందీలో తేజ్‌పత్తీ అంటారు, ఆ పేరుతో అడిగితే బిర్యానీ ఆకు వస్తుందేమోనని భయపడనక్కర్లేదు. బొంగో మిరప అని లాంతరులా ఉబ్బిన చిన్న మిరపకాయ ఉంటుంది. గుంటూరు కారం తిన్న ధైర్యంతో కొరకకండి, ముక్క తుంచి పప్పులో వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వచ్చినవాళ్లకు దురుకా దొరుకుతుంది. చెరకుకు దగ్గరి చుట్టమైన మొక్కది, విచ్చుకోని పూగుత్తి. పైన ఆకులు వలిస్తే లోపల మొక్కజొన్న పీచులాంటి మెత్తటి కంకి ఉంటుంది, కొబ్బరిపాలలో కూర వండుతారు.

మధ్యాహ్నానికి రోటీ పార్సెల్ కొనుక్కోండి. పల్చటి రోటీలో కూర పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు. ఆలూ, వంకాయ, డబ్బా చేప, కోడి, ఏదైనా కావచ్చు, పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. శాకాహారులు ఒక్కొక్కటీ అడిగి తీసుకోవాలి.

భాష ఇబ్బంది పెట్టదు. ఫిజీ హిందీ భోజ్‌పురి, అవధి యాసల్లోంచి పుట్టింది, ఒకప్పుడు కూలీలుగా మద్రాసు ఓడల్లో వచ్చినవాళ్ల పిల్లలూ అదే మాట్లాడతారు. హైదరాబాద్ హిందీ వచ్చినవాళ్లకు రెండు గంటల్లో చెవి అలవాటు పడుతుంది. పుస్తకాల హిందీ మాట్లాడితే మాత్రం టీవీలో వార్తలు చదువుతున్నట్టు చూస్తారు. ఈతౌకేలను, అంటే అక్కడి మూలవాసులను, పలకరించేటప్పుడు "బులా" అనండి, కృతజ్ఞతకు "వినాకా".

మిల్లుకు సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. అది ఊరికి తూర్పున గావా నది ఒడ్డున ఉంది. ముందస్తు అనుమతి లేకుండా గేటు లోపలికి పోనివ్వరు, అయితే చూడాల్సినదంతా బయటే ఉంది. చెరకు గెడలు ఎత్తుగా పేర్చి గొలుసులతో బిగించిన లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. డ్రైవర్లు చక్రాల నీడలో చాపేసి పడుకునో, చుట్టూ కూర్చుని కావా (ఒక వేరును దంచి నీళ్లలో కలిపిన పానీయం) తాగుతూనో కనిపిస్తారు. రెండడుగుల వెడల్పు పట్టాల మీద చెరకు డబ్బాలు లాగే చిన్న రైలు కూడా ఉంది. ఊళ్లలో ఆ పట్టాలు రోడ్డును దాటే చోట గేట్లు ఉండవు, కాపలా ఉండదు. అద్దె కారు నడిపేవాళ్లు అక్కడ ఆగి చూసి కదలాలి.

ఆ లారీల వరస పొడుగే ఆ రోజు మిల్లు ఆరోగ్యం. క్రషర్ సజావుగా ఆడుతుంటే వరస గంటల్లో కరిగిపోతుంది. ఎక్కడైనా ఆగిందంటే పెద్దరోడ్డు దాకా పాకుతుంది. నరికిన చెరకును ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే బరువూ తగ్గుతుంది, పంచదారా తగ్గుతుంది. తగలబెట్టి నరికిన చెరకయితే ఇంకా తొందరగా పులుస్తుంది. మన చోడవరం వైపు రైతులకు ఈ బాధ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. కొత్తగా నాటిన మొక్కతోట, నరికిన దుబ్బు నుంచి మళ్లీ పెరిగిన కార్శితోట లెక్కలు కూడా అక్కడా అవే. అందుకే లారీ దగ్గర నిలబడి మాట కలిపేటప్పుడు "మిల్లు ఎలా ఆడుతోంది" అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు. డబ్బు సంగతి మాత్రం అడగొద్దు. చెరకు సొమ్ము విడతలుగా వస్తుంది, ఆ విడత పడిన వారం నసెకులా రోడ్డు మీద అడుగు పెట్టే సందుండదు. ఆ వారం బ్యాంకు పని, బస్సు సీటు రెండూ పొద్దున్నే చూసుకోవాలి.

పొలంలోకి దిగి ఫోటోలు తీసుకోవాలంటే ఇంట్లోవాళ్లను అడగండి. ఇక్కడి చెరకు రైతుల్లో ఎక్కువమంది కౌలుదార్లు, భూమి ఈతౌకే కుటుంబ సమూహాలది. 1976 చట్టం పొడిగించిన పాత కౌళ్లు 1997 నుంచి ముగియడం మొదలైంది. చాలామందికి మళ్లీ కౌలు దొరకలేదు, ఇళ్లు విప్పుకుని ఇతర దీవులకో, సువ శివార్లకో వెళ్లిపోయారు. చెరకు మధ్య ఒంటరిగా నిలిచిన సిమెంటు అరుగు, పక్కనే మామిడి చెట్టు కనబడితే అక్కడొక ఇల్లుండేదని అర్థం. కెమెరా పట్టుకున్న కొత్త మనిషిని చూసి "ఎవరి తరఫున వచ్చావు" అనడం ఈ నేపథ్యంలో సహజమే.

తోటలు తగలబెట్టే సాయంత్రాల్లో నల్లటి మసి పెంకులు గాల్లో తేలి వస్తాయి. తెల్లబట్టలు బయట ఆరేయకండి, ఉబ్బసం ఉన్నవాళ్లు మందు దగ్గర ఉంచుకోండి.

రెండో రోజు: నాగమందిరం

ఊరికి ఈశాన్యంగా 50 కిలోమీటర్ల దూరంలో, నాంగింగి దగ్గర, పడగ విప్పిన పాములా నిలబడిన పెద్ద బండ ఉంది. గుడి ఆ బండ చుట్టూ కట్టినది. బండ పెరుగుతోందని భక్తుల నమ్మకం, దానికి తగ్గట్టు పైకప్పును ఇప్పటికే పలుసార్లు ఎత్తారు. హిందువులే కాదు, ఇతరులూ మొక్కుకోవడానికి వస్తారు.

బస్సులో వెళ్తే చవక, కానీ తిరుగు బస్సు టైము ముందే కనుక్కోకపోతే రోజంతా అక్కడే అవుతుంది. బస్సు చార్జీకి ఇ-ట్రాన్స్‌పోర్ట్ కార్డు వాడతారు. దుకాణంలో కొని, డబ్బు వేయించుకుని ఎక్కండి. ముగ్గురు నలుగురు ఉంటే టాక్సీ మేలు. ఇలాంటి దూరాలకు మీటరు మీద వెళ్లకండి, రానూపోనూ, అక్కడ గంటన్నర ఆగడం కలిపి ఒకే ధర మాట్లాడుకోండి. "ఆగడం" అన్న మాట నోటితో అనకపోతే దించేసి వెళ్లిపోతాడు.

పద్ధతి ఇదీ: ఆ రోజు మాంసం తినకుండా వెళ్లాలి. కొబ్బరికాయ, పూలు, పాలు, కర్పూరం లంబాస మార్కెట్ నుంచే తీసుకెళ్లండి. చెప్పులు మెట్ల దగ్గరే విప్పి, పసుపు కుంకుమ పూసిన బండ చుట్టూ ప్రదక్షిణ చేసి, కాయ కొడతారు. భజనలు హిందీలో సాగుతాయి. ఫోటోకు పూజారిని అడగండి. పొద్దున ఎనిమిదికల్లా బయల్దేరితే ఎండ ముదిరేలోపు తిరిగొచ్చేయొచ్చు.

తెలుగువాళ్ల జాడ వెతికేవారికి

1879 నుంచి 1916 వరకు 60,965 మంది కూలీలు గిర్మిట్ ఒప్పందం మీద ఫిజీకి బయల్దేరారు. మొదట్లో అందరూ కలకత్తా నుంచే. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి, వాటిలో సుమారు 15 వేలమంది వెళ్లారు. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్లు అందులో ఉన్నారు. 1926లో దక్షిణాదివాళ్లందరికీ కలిపి తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘం ఏర్పడింది. 1941లో తెలుగువాళ్లు విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. లంబాసలో సంఘం పేరున్న బడి చూస్తే ఆ చరిత్రే. తెలుగు మాట్లాడేవాళ్లు మాత్రం చాలా అరుదు. ఇంటిపేరు చూసి తెలుగులో మొదలుపెట్టి అవతలివాళ్లను ఇబ్బంది పెట్టకండి, హిందీలోనే అడగండి.

బంధువుల కోసం వచ్చేవాళ్ల అసలు పని లంబాసలో కాదు, సువలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో. ప్రతి కూలీకి ఎమిగ్రేషన్ పాసు ఉండేది. ఓడ పేరు, క్రమసంఖ్య, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తు దాని మీద రాసి ఉంటాయి. ఓడ పేరుగాని, పాసు నంబరుగాని ఉంటే వెతకడం తేలిక. పేరొక్కటే పట్టుకుని వెళ్తే కష్టం, ఎందుకంటే గుమాస్తాలు మన పేర్లను చెవికి తోచినట్టు రాశారు. అప్పన్న, అప్పయ్య, అప్పాలు ఒకరే కావచ్చు, ముగ్గురూ కావచ్చు. ఊరిపేరునూ అలాగే నాలుగైదు స్పెల్లింగుల్లో రాసుకుని వెళ్లండి. మే 14 చుట్టూ గిర్మిట్ దినం సెలవు ఉంటుంది, ఆఫీసు పని ఆ రోజుల్లో పెట్టుకోకండి.

మూలవాసుల ఊరికి వెళ్తే

పట్నానికి దక్షిణంగా దగ్గర్లోనే వసవులా అనే చోట పాతకాలపు నిలువురాళ్లున్నాయి. అక్కడైనా, మరే ఈతౌకే ఊళ్లోనైనా, సరాసరి నడిచి వెళ్లడం తప్పు. అరకిలో యంగోనా వేరు, అంటే కావా, మార్కెట్లో కాగితంలో చుట్టించి తీసుకెళ్లండి. దాన్ని ఊరిపెద్ద ముందు పెట్టాకే మాట మొదలవుతుంది. టోపీ, కళ్లద్దాలు తీసేయాలి, సంచి భుజాన కాకుండా చేత్తో పట్టుకోవాలి, మోకాళ్లు కనబడని బట్ట కట్టుకోవాలి, పిల్లల తల నిమరకూడదు. చిప్పలో కావా ఇస్తే ఒకసారి చప్పట్లు కొట్టి "బులా" అని ఒక్క గుక్కలో తాగి, మూడుసార్లు చప్పట్లు కొట్టాలి. నాలుక మొద్దుబారడం మామూలే, కంగారుపడకండి. తాగాక బండి నడపకండి.

మూడో రోజు: కొండ దాటి అడవిలోకి

లంబాస నుంచి సవుసవుకు బస్సు రెండున్నర, మూడు గంటలు. పొద్దున మొదటి బస్సు ఎక్కండి. చెరకు తగ్గి పైన్ తోటలు వస్తాయి, ఘాట్ ఎక్కాక గాలి చల్లబడుతుంది, దిగుతుండగా పచ్చదనం చిక్కబడుతుంది. సవుసవు ఇంకా 20 కిలోమీటర్లుండగా వైసాలి అడవి వస్తుంది. నేషనల్ ట్రస్ట్ ఆఫ్ ఫిజీ కాపాడుతున్న ఈ వర్షారణ్యం సుమారు 120 హెక్టార్లు. ఇక్కడ దిగాలని ఎక్కేటప్పుడే డ్రైవరుతో చెప్పాలి, లేకపోతే మలుపులో బోర్డు కనబడేలోపు దాటిపోతుంది. తర్వాతి బస్సు ఎప్పుడో కూడా అతన్నే అడగండి. తుపాను దెబ్బకు కాలిబాట మూసిన సందర్భాలుంటాయి కాబట్టి ముందురోజు ఫోన్ చేయడం నయం. ఆదివారం పెట్టుకోవద్దు.

బాట జలపాతం దాకా దిగుతుంది, రానూపోనూ గంట చాలు. దూరం తక్కువే గానీ ఎర్రమట్టి నానితే సబ్బులా జారుతుంది. జారేది దిగేటప్పుడే. గాడులున్న బూట్లు, చేతిలో కర్ర ఉండాలి, సెల్‌ఫోను జేబులో ఉండాలి. దకువా వృక్షాలు, చెట్టంత ఎత్తు ఫెర్నులు బాట పొడవునా ఉంటాయి. పక్షులకోసమైతే ఎండెక్కకముందే లోపలుండాలి. నారింజ రంగు పావురం ఈ దీవిలోనూ, చుట్టుపక్కల కొన్ని దీవుల్లోనూ తప్ప మరెక్కడా లేదు. మగదాని ఒళ్లంతా నారింజ రంగే, ఆడది ఆకుపచ్చ, అందుకని ఆకుల్లో కలిసిపోతుంది. విషసర్పాల భయం లేదు. మలేరియా ఫిజీలో లేదు, డెంగీ ఉంది, దోమల మందు రాసుకోండి. అసలు జాగ్రత్త పడాల్సింది లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం విషయంలో. పశువులు, ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి ఒంటి మీది గీతల ద్వారా ఎక్కుతుంది. వానలు పడ్డాక నదిలో దిగకండి, కాలికి దెబ్బ ఉంటే బురదలోనూ వద్దు. ఇంటికొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి వస్తే డాక్టరుకు ఫిజీ వెళ్లొచ్చిన మాట చెప్పండి.

సముద్రం చూడాలన్న కోరిక సవుసవులో తీరుతుంది. లంబాస ఎదుట కూడా గ్రేట్ సీ రీఫ్ అనే చాలా పెద్ద పగడపు దిబ్బల వరస ఉంది, కానీ ఒడ్డు నుంచి దూరం, పడవకు బాగా ఖర్చవుతుంది. సవుసవులో రేవుకు దగ్గరే వేడినీటి బుగ్గలు పొంగుతుంటాయి. అక్కడివాళ్లు గోనెసంచిలో కర్రపెండలం కట్టి అందులో వేసి ఉడికిస్తారు. నీళ్లు అంత కాగి ఉంటాయి కాబట్టి వేలు పెట్టి చూడకండి, పిల్లల చేయి వదలకండి.

సవుసవు విమానాశ్రయం చాలా చిన్నది. వాన, మబ్బు దట్టంగా ఉంటే విమానం రద్దవుతుంది. నాంది నుంచి ఇంటికి వెళ్లే విమానానికి కనీసం ఒక రాత్రి తేడా పెట్టుకోండి. ఆ ఖాళీ పూట నాందిలో శ్రీ శివ సుబ్రహ్మణ్య స్వామి గుడికి సరిపోతుంది.